ఉప్పుమళ్ళ మలుపు

"ఎక్కవే మబ్బమ్మా, ఎగువ కొండెక్కవే, ఎక్కి సూత్తే ఏటి నీరు..." ఆ తర్వాత ఏమిటో పాంగి కాసులమ్మకి గుర్తు రాదు. చిన్నతనాన పాడేరు కొండల్లో మేకల వెంట తిరుగుతూ పాడుకున్న పాట. పాట ఆ ముక్క దగ్గర ఆగిపోతుంది గాని, సైకిల్ ఎక్కిన కాసులమ్మ ఏ కొండమీదా ఆగదు.

అందుకే పందెం దారి పటం చేతికి రాగానే ఆఖరి కొండనే చూసుకుంది. నూట ఇరవై కిలోమీటర్లలో చివరి ఎనిమిదీ ఎక్కుడే. ఇంట్లో బతిమాలి తెచ్చుకున్న మూడేళ్ళ గడువు ఈ నెలతో సరి. గెలిస్తే పెద్ద జట్టు పిలుస్తుంది, లేదా సైకిల్ అప్పగించి ఇంటికి పోవడమే.

జట్టుకి తర్ఫీదిచ్చే జోగినాయుడు మాస్టారేమో జట్టులో తక్కిన ఐదుగురినీ కొండకి ముప్పై కిలోమీటర్ల ముందే, సముద్రం పక్కనున్న ఉప్పుమళ్ళ దగ్గర, ఉన్న సత్తువంతా పెట్టెయ్యమన్నారు.

"అదేంటి మాస్టారూ! అక్కడ అరచెయ్యిలా చదును. పందెమేముంటుంది? కొండకాడ నేనొక్కదాన్నే మిగలాలా?"

"నీకు కొండుంది కదే, మేమెందుకు మధ్యలో?" అని నూకరత్నం నవ్వింది. జట్టులో అందరికన్నా దిట్టం ఆ పిల్లే.

మాస్టారు వాదించే మనిషి కాదు. పందెం ముందురోజు సైకిళ్ళకి తాళం వేయించి, దారిని కాళ్ళతో నడిపించడం ఆయన అలవాటు. ఆ సాయంత్రం ఆరుగురినీ ఉప్పుమళ్ళకి తీసుకెళ్ళారు. ఇరుకు వంతెన దాటి రోడ్డు మలుపు తిరిగిందో లేదో, ఎడమనుంచి సముద్రపు గాలి ఈడ్చి కొట్టింది. నూకరత్నం ముందు నడుస్తోంది. ఎవరూ చెప్పకుండానే ఒకరి చాటున ఒకరు, కుడివైపుకి ఏటవాలుగా సర్దుకున్నారు. చిట్టచివరనున్న కాసులమ్మ కాలు ఉప్పుబురదలో దిగబడింది. చెప్పు అక్కడే ఉండిపోయింది.

"ఎవరు తోశారమ్మా?" అన్నారు మాస్టారు.

"ఎవరూ తోయలేదండి. నాకు రోడ్డు మిగల్లేదు."

"రేపు ఎనభైమంది వస్తారు" అని, ఆయన ముందుకి నడిచారు.

మర్నాడు వంతెన ఇంకా కనబడకముందే ఐదుగురూ ప్రాణం పెట్టి తొక్కి, కాసులమ్మని తొలి వరసలోకి చేర్చారు. మలుపు తిరగ్గానే ముందున్న పదిమందికి గాలి తగలకుండా ఒకరి చాటు ఒకరికి దొరికింది. తక్కినవాళ్ళంతా చాటు దొరక్క రోడ్డు అంచున దారంలా సాగి, తెగిపోయారు. కొండంటే కాసులమ్మకన్నా మొనగత్తె అని పేరున్న చిత్తూరు అమ్మాయి కూడా అందులోనే చిక్కుకుంది. కాసులమ్మకి గాలి అడ్డుకుంటూ తన జట్టు ఐదుగురూ సత్తువ అయిపోయి ఒక్కొక్కరే వెనక్కి జారిపోయారు. అందరికన్నా ఎక్కువసేపు గాలికి ఎదురు నిలిచిన నూకరత్నం ఆఖరున తల వేలాడేసింది.

కొండ మొదట్లో జట్టులో మిగిలింది కాసులమ్మ ఒక్కతే. పక్కన ముగ్గురున్నా వేరే జట్లవాళ్ళే, అప్పటికే అలసినవాళ్ళు. నాలుగో వంపులో వాళ్ళని వదిలేసింది.

పైన గీత దాటి, దండలతో, ఫోటోలతో ఉక్కిరిబిక్కిరవుతూ మాస్టారిని వెతుక్కుంటూ వచ్చింది. "చూశారా మాస్టారూ! చెప్పానా, కొండ నాదని!"

ఆయన సంతోషంగానే తలూపారు. మంచినీళ్ళ సీసా ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టి, కిందికి దిగే రోడ్డువైపు చూపించారు.

"నూకరత్నం ఇంకా ఎక్కుతోందమ్మా. ఎదురెళ్ళు."