మిరప, గుమ్మడి, మూరెడు తొట్టి

నేనెప్పుడూ ఏదీ రాసి ఎరగను. ఐదో తరగతితో బడి మానిపించారు. పెన్ను పట్టుకుంటే ఇప్పటికీ వేళ్ళు వంకర్లు పోతాయి. పదిమందిలో నోరు విప్పాలన్నా నాకు అంతే. మొన్న ఆదివారం మా మనవరాలు దివిజని పడుకోబెడుతూ ఒక కథ చెప్పాను. చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టమని మా అమ్మాయి కూర్చోబెట్టింది. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

ఆ పూట దివిజ అన్నం ముట్టలేదు. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది. పక్కలో వేసుకుని, వీపు నిమురుతూ మొదలెట్టాను.

అనగనగా ఒక ఊళ్ళో, ఒక ఇంట్లో, మూరెడు పొడుగు గాజు తొట్టి ఉంది. అందులో గుమ్మడి అని ఒక బంగారు చేప ఉంది. గుమ్మడిపండు రంగులో బొద్దుగా ఉండేది. ఆ ఇంట్లో పాప గాజు మీద వేలు పెడితే చాలు, తోక ఊపుకుంటూ వేలి దగ్గరికి వచ్చేసేది.

"నాలాంటి పాపా?" అంది దివిజ.

"ఆఁ, నీలాంటి పాపే. ఊఁ కొట్టు."

ఒకరోజు మేడ మీది పిల్ల దీక్షిత వచ్చింది. గుమ్మడిని చూసి మూతి తిప్పింది. "ఛీ, ఇది ఉత్త ముద్దపప్పు. మా చేపైతే పురుగుల్ని వేటాడి తింటుంది, తెలుసా?" అంది.

అప్పుడు పాప వెళ్ళి అమ్మమ్మ కొంగు పట్టుకుంది. "అమ్మమ్మా, నాకూ వేటాడే చేప కావాలి!"

ఆ అమ్మమ్మ మనవరాలు ఏదడిగినా కాదనలేదు. బయటివాళ్ళని ఏదైనా అడగాలంటే మాత్రం నోరు పెగిలేది కాదు ఆవిడకి. అయినా పాప కోసం, పాపని వెంటబెట్టుకుని, బస్టాండు దగ్గర రంగుచేపల కొట్టుకి వెళ్ళింది.

కొట్టాయన ముందు ఒక పళ్ళెంలాంటి చేపని చూపించాడు. అది గుడ్లు మిటకరించి చూసింది. "వద్దే, ఇది అచ్చం మీ తాతయ్యలా చూస్తోంది," అంది అమ్మమ్మ పాప చెవిలో. ఆ తర్వాత కొంగముక్కులాంటి మూతి ఉన్న చేపని చూపించాడు. ఆ మూతి నిండా పళ్ళే! పాప అమ్మమ్మ వెనక్కి పోయి దాక్కుంది.

ఆ తర్వాత మూడోది. చిన్న డబ్బాలో ఎర్రెర్రటి చేపపిల్లలు. చింతగింజంత ఉన్నాయి. ఒకదాన్నొకటి వదలకుండా గుంపుగా తిరుగుతున్నాయి. "ఇవీ వేటాడేవేనమ్మా. దోమపిల్లలు కనపడితే వదలవు," అన్నాడు కొట్టాయన.

ఇంతింత పిల్లలు ఎవరినేం చేస్తాయిలే అనుకుంది అమ్మమ్మ. అయినా మూడు మాటలు అడుగుదామనుకుంది. 'ఇవి ఎంత పెరుగుతాయి?' అందామనుకుంటే పక్కన ఎవరో వచ్చి నిలబడ్డారు. సిగ్గేసి ఊరుకుంది. 'పెద్దయ్యాక ఏం తింటాయి?' అందామనుకుంటే ఆయన ఫోను మోగింది. ఊరుకుంది. 'మా గుమ్మడితో కలిసి ఉంటాయా?' అని పెదాల దాకా వచ్చింది. అప్పటికే ఆయన నీళ్ళ సంచికి రబ్బరు బ్యాండు చుట్టి చేతిలో పెట్టేశాడు.

మూడు మాటలూ మింగేసి, మూడు చేపలు పట్టుకుని ఇంటికొచ్చింది.

పాప వాటికి పేర్లు పెట్టింది. ఒకటి మిరప, ఒకటి దానిమ్మ, ఒకటి టమాటా. పెరట్లో కుండీ నీళ్ళలో ఉన్న దోమపిల్లల్ని తెచ్చి వేస్తే టక్కున పట్టేసేవి. దీక్షిత నోరు వెళ్ళబెట్టి చూసింది. పాప ఆ రోజు భూమ్మీద నడవలేదనుకో.

కొన్నాళ్ళకి వాటి ఎరుపు పోయింది. నల్లబడ్డాయి. నీళ్ళు పడలేదేమో అనుకుంది అమ్మమ్మ.

ఆ తర్వాత ఒకరోజు టమాటా కనపడలేదు. పక్కింటి పిల్లి పని అన్నారు అందరూ. తొట్టి మీద చెక్క పెట్టారు.

ఆ తర్వాత ఇంకో రోజు దానిమ్మ కనపడలేదు. చెక్క సందులోంచి ఎగిరి పడిందేమో అని అమ్మమ్మ మంచాల కింద, బీరువా కింద ఊడ్చి చూసింది. జడపిన్ను దొరికింది గానీ చేప దొరకలేదు.

ఇక మిరప ఒక్కటే మిగిలింది. మూలకి పోయి, కదలకుండా, ఎవరి జోలికీ పోనట్టు ఉండేది. అప్పుడప్పుడు పైకొచ్చి గుటుక్కుమని గాలి మింగి వెళ్ళేది. "పాపం, తోడు పోయి బెంగ పెట్టుకుంది. నాలాగే నోట్లో నాలుక లేనిది," అని అమ్మమ్మ తన చేత్తో రొయ్య ముక్కలు వేసేది. రోజూ వేసేది. మిరప జానెడు అయింది.

అప్పుడు ఒక ఆదివారం పొద్దున చూస్తే గుమ్మడికి సగం తోక లేదు!

దివిజ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను ఆపలేదు.

పాప కెవ్వుమంది. సరిగ్గా అప్పుడే చేపలమ్మే సూరీడమ్మ బేసిను నెత్తిన పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. అమ్మమ్మ గిన్నె పట్టింది. సూరీడమ్మ అందులో కూరకని ఒక బతికున్న చేపని వేసి, "ఏంటి వదినా, పిల్ల అట్టా అరిచింది?" అని తొట్టిలోకి తొంగి చూసింది.

చూసి గుండెల మీద చెయ్యేసుకుంది. "ఓలమ్మో! కొర్రమేనుని అద్దాల మేడలో పెట్టి పెంచుతున్నావేంటి వదినా?"

"కొర్రమేనా? ఇవి ఎర్రగా ఉండేవి కదే!"

"చిన్నప్పుడు ఎర్రగానే ఉంటాయి మరి! దాని నోట్లో పట్టేదల్లా దానికి తిండే. తోడబుట్టినదాన్నయినా మింగేస్తాది. పట్టకపోతే పట్టేదాకా పెరుగుద్ది. ఇది మూరెడు పైన అవుద్ది, నీ తొట్టెంత!"

అమ్మమ్మ గిన్నెలోకి చూసింది. చేతిలో గిన్నెలో కొర్రమేను. ఎదురుగా తొట్టిలో కొర్రమేను. అదే తల, అదే చూపు. ముప్ఫై ఏళ్ళుగా ఆ చేపకి బూడిద రాసి బండకేసి రుద్దిన చెయ్యి ఆవిడది. దాని పిల్లని మాత్రం ఒక్కనాడూ చూసి ఎరగదు. పిల్లీ లేదు, బెంగా లేదు. టమాటా, దానిమ్మ ఇద్దరూ మిరప కడుపులోకే పోయారు. వాళ్ళ తర్వాత వంతు గుమ్మడిది. తనేమో కూర్చోబెట్టి రొయ్యలు తినిపించింది!

అప్పుడు అమ్మమ్మ గుమ్మడిని గబగబా గంగాళంలోకి మార్చింది. గిన్నెలో చేపని సూరీడమ్మకే తిరిగి ఇచ్చేసింది. ఆ పూట ఆ ఇంట్లో చేపల కూర వండలేదు.

పాప మాత్రం ఏడుపు ఆపలేదు. "మిరపని కోసేస్తావా అమ్మమ్మా?" అని ఒకటే అడిగింది.

ఇక్కడ నేను ఆగిపోయాను. ఎందుకంటే ఆ మాట దివిజ పొద్దున నన్ను అడిగిందే. గంగాళం ఇంకా మంచం పక్కనే ఉంది. మిరప ఇంకా ముందు గదిలో తొట్టిలోనే ఉంది. జరిగింది అక్కడిదాకే, తర్వాత కథ నాకూ తెలీదు.

"చెప్పు. ఆ అమ్మమ్మ ఏం చేసింది?" దివిజ లేచి కూర్చుంది.

"కొయ్యలేదు," అన్నాను. "తెల్లారగానే మిరపని పాలక్యానులో పెట్టుకుని కొట్టుకి వెళ్ళింది. మింగేసిన మూడు మాటలూ అందరి ముందూ అడిగేసింది. ఆ తర్వాత మిరపని చెరువులో వదిలేసింది."

"ఒట్టు?"

"ఒట్టు."

దివిజ పడుకుంది. పాట కట్టి జోకొట్టాను.

కథేమో కంచికి, కళ్ళేమో నిద్దరకి,
మిరపేమో చెరువుకి, గుమ్మడేమో తొట్టికి,
తెల్లారితే అమ్మమ్మ చేపల కొట్టుకి!

తెల్లారింది. ఒట్టు వేశాను కదా, ఇక తప్పదు. క్యానులో నీళ్ళు పోసి, మిరపని దింపి, గాలి ఆడేట్టు మూత వదులుగా పెట్టి బయల్దేరాను. దారంతా ఆ మూడు మాటలే వల్లె వేసుకున్నాను.

కొట్టాయన క్యాను చూడగానే, "వెనక్కి తీసుకోమమ్మా," అన్నాడు.

"ఇవ్వడానికి రాలేదు బాబూ, అడగడానికి వచ్చాను. ఇది ఎంత పెరుగుతుంది?"

"మూరెడు దాటుతుంది."

"పెద్దయ్యాక ఏం తింటుంది?"

"చేపల్నే."

"మా ఇంట్లో ఉన్న బంగారు చేపతో కలిసి ఉంటుందా?"

ఆయన నవ్వాడు. "ఎందుకుంటుందమ్మా?"

"మరి ఆ రోజు చెప్పలేదేం?"

"మీరు అడగలేదు కదమ్మా. అడిగితే చెప్పేవాణ్ణే."

పక్కన ఒకాయన కూతుర్ని ఎత్తుకుని ఉన్నాడు. ఆ పిల్ల వేలు చాపి, "నాన్నా, ఆ ఎర్రవి! ఆ ఎర్రవి!" అంటోంది. కొట్టాయన అప్పటికే నీళ్ళ సంచి తీసి, రబ్బరు బ్యాండు వేలికి తగిలించుకున్నాడు.

"బాబూ, ఒక్క నిమిషం ఆగు," అన్నాను. ఆ గొంతు నాదేనా అనిపించింది. కొట్లో అందరూ నా వైపు తిరిగారు.

క్యాను మూత తీసి, "ఆ ఎర్రవి పెరిగితే ఇలా అవుతాయి," అని ఆ పిల్ల నాన్నకి చూపించాను. మిరప గుటుక్కుమని పైకొచ్చింది. ఆ నల్ల తల చూసి ఆ పిల్ల వాళ్ళ నాన్న మెడ పట్టేసుకుంది. నేను మూత పెట్టుకుని చెరువు దారి పట్టాను.