సిద్ధాంతిగారి అద్దె ఇల్లు

గంపలల్లుకునే మేదరి నరసమ్మ తన పెంకుటిల్లు ఆస్థాన జ్యోతిష్కుడు పేరయ్య సిద్ధాంతికి అద్దెకిచ్చింది. అదే ఆమె చేసిన పాపం. గడువు తీరాక, "ఒప్పందం తిరగరాసుకుందాం, లేదంటే ఖాళీ చెయ్యండయ్యా" అని అడిగితే, ఒకసారి మూఢమనేవాడు, ఇంకోసారి శూన్యమాసమనేవాడు. ఊరందరికీ ముహూర్తాలు పెట్టే మహానుభావుడికి ఇచ్చిన మాట నిలబెట్టుకోవడానికి మంచిరోజే దొరకలేదు.

విసిగిపోయిన నరసమ్మ గంపల మోపుతోనే రాజుగారి కొలువుకెళ్లింది.

సిద్ధాంతి సిగ్గుపడలేదు. ఆయనకా అలవాటు లేదు. "ప్రభూ, ఎవరు కాపురముంటే ఇల్లు వాళ్లదే. శాస్త్రం అదే చెబుతోంది" అన్నాడు.

కొలువంతా తలలూపింది. ఆ తలలున్నదే అందుకు. జాతకం చెప్పేవాడితో గొడవెందుకని రాజు కూడా "సబబే" అన్నాడు.

నరసమ్మ ఏడవలేదు. రాజు పక్కనే తాంబూలం నములుతున్న ఇల్లరికపు అల్లుడికి దణ్ణం పెట్టింది.

"అల్లుడుగారూ, ఈ కోటలో ఏళ్లతరబడి కాపురముంటున్నారు. ఈ తీర్పుతో కోట తమదే! మామగారిని ఎప్పుడు ఖాళీ చేయించాలో సిద్ధాంతిగారినే అడగండి."

అల్లుడు నమలడం ఆపేశాడు. అతని మొహంలో వెలిగిన ఆశ రాజు కంటబడింది.

"సిద్ధాంతీ! ఈ పూటే ఆ ఇల్లు ఖాళీ చెయ్యి!" అని రాజు గర్జించాడు.

"ఇవాళ అష్టమి ప్రభూ..." అని సిద్ధాంతి నసిగాడు.

నరసమ్మ మోపు దించింది. "సామాన్లు సర్దుకోవడానికి గంపలున్నాయయ్యా. ఇవి మాత్రం అద్దెకివ్వను, కొనుక్కోండి."