చేతికి రాసి చూసిన కషాయం

మాలకొండయ్య, చెంచయ్య, అంకయ్య అని ముగ్గురన్నదమ్ములు. మా అంత తెలివిగలోళ్ళు చుట్టుపక్కల లేరని వాళ్ళ గొప్ప. ఆ తెలివి ఎక్కడ కారిపోద్దోనని ఎండాకాలంలో గూడా తలగుడ్డ ఇప్పరు.

వాళ్ళ నాయన తిరుపాలుకి నాలుగు రోజుల్నించి దొడ్డికి రాలా. కడుపు డోలు మాదిరి బిగిసిపోయింది. "సచ్చిపోతన్నా నాయనా" అని ఒకటే మూలుగు. ఇంకేముంది, పసరు మందులిచ్చే మస్తానయ్య దగ్గరికి ఉరికారు.

ఆయన విరేచనమయ్యే సునాముఖి ఆకు కషాయం ముంతలో పోసిచ్చాడు. "ఆకు మందే గదా అని అల్లాటప్పాగా తాగగూడదు అబ్బాయిలూ. ముందు ఓ చుక్క చేతికి రాసి, కాసేపాగి చూడండి. దద్దురు లేవకపోతే అరగ్లాసు తాపండి" అన్నాడు.

ఇంటికొచ్చారు.

"నాయనకసలే ఒంట్లో బాగాలేదు, ఆయన చెయ్యెందుకు? నాకు రాయండ్రా" అన్నాడు పెద్దోడు మాలకొండయ్య. రాశారు. దద్దురు లేవలా.

"నీకు పడిందన్నా! ఎవరికి పడితే వాళ్ళకే గదా తాపాల?" అన్నాడు చెంచయ్య.

అంతే, అరగ్లాసు అన్న గొంతులో పోశారు. చెంబు పట్టుకుని చేలోకి ఒకటే పరుగు.

"అన్నకి పన్జేసింది. మరి నాయనకి తగ్గలేదేందిరా?" అన్నాడు చెంచయ్య.

"ఒక్కరు తాగితే చాల్లేదేమో. నీ చెయ్యి పట్టు" అన్నాడు చిన్నోడు అంకయ్య.

చెంచయ్యా పరుగే. ఆనక అంకయ్యా పరుగే. ఇంట్లో చెంబేమో ఒకటే, దానికోసం చేలో కొట్లాట! ఈ కథ చెప్పే మీ తాతుంటే, పిల్లలూ, ఇక్కడికొచ్చేసరికి తనే నవ్వి కథ ఆపేసేవాడు. ఇప్పుడు నేనే చెప్పాల.

ముంత ఖాళీ. ముసలాయన్ని మంచంతో సహా మోసుకెళ్ళి మస్తానయ్య గుమ్మంలో దించారు. దారిలో ఎన్నిసార్లు దించారో అడగొద్దు.

"ఏరా, తగ్గలా?"

"మందు బ్రహ్మాండం అయ్యా! ఇంట్లో అందరికీ అయింది, నాయనకి తప్ప."

మస్తానయ్య తల పట్టుకున్నాడు. కొత్త కషాయం తెచ్చి, "కళ్ళు పెట్టుకు చూడండ్రా, ఇట్టా రాయాల" అని ఓ చుక్క తన చేతికే రాసి చూపించాడు.

ముగ్గురూ వంగి చూశారు. దద్దురు లేదు. అంతే! ఒకడు కాళ్ళు, ఒకడు చేతులు, ఒకడు గ్లాసు.

"నాకు గాదురా సన్నాసుల్లారా, మీ నాయ..." అనేలోపే నిండు గ్లాసు లోపలికి పోయింది.

పెద్ద వైద్యుడు పంచె ఎగ్గట్టుకుని పరిగెత్తేది చూసి మంచంలో ముసలాయన పకపకా నవ్వాడు. నవ్వీ నవ్వీ, ఉన్నట్టుండి కడుపు పట్టుకుని, "తప్పుకోండ్రా, వచ్చేస్తంది!" అని లేచి, మస్తానయ్యని గూడా దాటేసి ఉరికాడు.

"చూశార్రా! తాగాల్సినోడు తాగితే గాని తగ్గలా" అన్నాడు పెద్దోడు.

అప్పట్నించీ ఆ ఇంట్లో ఎవరికి తలనొప్పొచ్చినా సరే, ముగ్గురూ గ్లాసు పట్టుకుని మస్తానయ్య కోసం ఊరంతా వెతుకుతారు.