కాపలా అప్పగింత

ఓబులేసుకు కళ్ళు మూసుకోవడం చేతకాదు.

వినడానికి నవ్వులాటగా ఉంటుంది గానీ, మనిషిని చూస్తే నవ్వు రాదు. ఇరవై రెండేళ్ళు సైన్యంలో చేసి హవల్దారుగా దిగి వచ్చాడు. ఐదో తరగతి దాకా మేమిద్దరం ఒకే బెంచీ. ఇప్పుడు గిద్దలూరు అవతల వాళ్ళన్న పొలంలో మోటారు షెడ్డు ఉంటే, అందులో ఒక్కడే ఉంటున్నాడు.

ఇల్లు లేకనా? ఉంది. పెళ్ళాం లేకనా? ఉంది, చెన్నమ్మ, బంగారం లాంటి మనిషి. ఒకరోజు తెల్లారుజామున కాస్త కునుకు పట్టినవాణ్ణి, కాఫీ ఇద్దామని భుజం తట్టి లేపింది. కళ్ళు తెరవకముందే వీడి చెయ్యి లేచింది. ఆమె ముంజేతి ఎముక విరిగింది.

"నేనుండే ఇంట్లో నువ్వు ఉండొద్దు" అని వాడే ఆమెను నంద్యాలలో అక్కగారింటికి పంపేశాడు. తను షెడ్డుకు పోయాడు. ఒక కంచం, ఒక గ్లాసు, గోడ మూలకు జరిపిన మంచం. చెన్నమ్మ రోజూ ఫోన్ చేస్తుంది. అది మోగి మోగి ఆగేదాకా వీడు దానివంకే చూస్తూ కూర్చుంటాడు, ఎత్తడు. ఆగిపోయాక మాత్రం తీసి కాసేపు చేతిలో పట్టుకుంటాడు. నేను కళ్ళారా చూశాను.

మిలిటరీ ఆసుపత్రి డాక్టరమ్మ ఇచ్చిన మాత్రలు వేసుకుంటూనే ఉన్నాడు. ఆమె ఎనిమిది వారాల క్లాసు కూడా పెట్టిందట. నేల మీద కూర్చుని, వచ్చే ఊపిరి, పోయే ఊపిరి గమనించడం. తక్కిన మాజీ సైనికుల్లో చాలామందికి మనసు తేటపడిందని చెప్పాడు. వీడు ఒక్కరోజు నాగా పెట్టలేదు, ఒక్కరోజు కళ్ళూ మూయలేదు.

చివరికి నేనే మౌలాలి తాత దగ్గరికి తీసుకుపోయాను.

తాత దూదేకులాయన. పరుపులు కుట్టి బతికాడు, ఇప్పుడు మా ఊరి చివర చిన్న దర్గా చూసుకుంటున్నాడు. ఎనభై దాటాయి, మోకాళ్ళు రెండూ పోయాయి. బేస్తవారం మధ్యాహ్నం ఐదారుగురం పోయి ఆయన దగ్గర మాట్లాడకుండా కూర్చుని వస్తాం. బోధలూ గీధలూ ఏం ఉండవు. నా సంగతి అడక్కండి, కూర్చున్న పది నిమిషాలకే గురక. "నీకిదే చాల్లే" అంటాడు తాత.

ఓబులేసు మూడు బేస్తవారాలు వచ్చాడు. వీపు గోడకానించి, చూపు గుమ్మం మీద పెట్టి కూర్చునేవాడు. ముక్కు మీద ఈగ వాలినా కదిలేవాడు కాదు. ఏం కుదురురా నాయనా అని మాలో కొందరు చెవులు కొరుక్కున్నారు. మూడోవారం అందరూ వెళ్ళిపోయాక వాడు తాత ముందుకొచ్చి నిలబడ్డాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"తాతా, మూడు వారాల్నుంచి నాలాగా ఎవరూ కూచోలేదు. అయినా ఏం మారలేదు. ఇది నాకు రాదా?"

"నువ్వు కూచోలేదు నాయనా. మేం కూచున్నాం, నువ్వు కాపలా కాశావు."

ఓబులేసు ముఖం మాడిపోయింది.

"మీ సైన్యంలో ఒక మనిషి ఎంతసేపు కాపలా ఉంటాడు?" అన్నాడు తాత.

"రెండు గంటలు. తర్వాత ఇంకొకడు ఎక్కుతాడు."

"నువ్వు ఎక్కి ఎన్నాళ్ళయింది?"

వాడికి అర్థం కాలేదేమో అనుకున్నాను. అర్థమైంది. "పదకొండేళ్ళు" అన్నాడు.

తాత గోడ పట్టుకుని లేచాడు. లేవడానికే ఒక నిమిషం పట్టింది. చేతికర్ర అందుకుని, "ఇటివ్వు. రెండు గంటలు నేను కాస్తా" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఓబులేసు ముఖం చూసి నోరు మూసుకున్నాను. వాడు వెనక్కి వెనక్కి పోయి గోడకు కరుచుకుపోయాడు.

"వద్దు తాతా. ఒకసారి ఇచ్చాను."

"ఎవరికిచ్చావు?"

"బిజూకి. కేరళ వాడు. నాకు ఒళ్ళు కాలిపోతోంది ఆ రోజు. ఇంకా అరగంట ఉండగానే వచ్చాడు. నేనెక్కుతా, నువ్వు పోయి పడుకో అన్నాడు. పోయి పడుకున్నా. లేచేసరికి వాడు లేడు. చంపేశారు."

ఇన్నేళ్ళ స్నేహంలో నాకీ మాట చెప్పలేదు.

తాత అయ్యో పాపం అనలేదు. "అయితే ఈసారి సరిగ్గా ఇవ్వు. మీలో ఎట్టా అప్పగిస్తారు?" అన్నాడు.

"ముందేముంది, పక్కలేముంది, ఏం కనపడింది, అన్నీ చెప్పాలి. అంతా విని వచ్చినవాడు తీసుకున్నా అనాలి. ఆ మాట అనందే పాతవాడు కదలకూడదు."

"చెప్పు మరి."

ఓబులేసు గుమ్మం దగ్గరికి వచ్చి నిటారుగా నిలబడ్డాడు. మా దర్గా ఎదురుగా ఏముంటుంది, శనగ చేను, ఒక వేపచెట్టు, రోడ్డు. దానివంక చూస్తూనే చెప్పాడు.

"ముందు లోయ, మంచు. ఎడమపక్క పెద్ద బండ. దాని వెనకాల మనకు కనపడదు. కుడిపక్క కంచె తీగ..." ఆగాడు. "తీగ తెగి ఉంది. నేను చూశా తాతా. చూసి కూడా బిజూకి చెప్పలేదు. జ్వరంలో మర్చిపోయా. చెప్పకుండా పోయి పడుకున్నా."

ఏం చెప్పి ఓదారుస్తాం దానికి? నీ తప్పు కాదు అనడానికి నేనెవణ్ణి?

తాత కూడా ఆ మాట అనలేదు.

"ఇప్పుడు చెప్పావుగా. తీసుకున్నా" అన్నాడు. కర్ర ఊనుకుంటూ పోయి గుమ్మం బయట, ఎండలో నిలబడ్డాడు.

ఓబులేసు గోడవార కూర్చున్నాడు. చూపంతా తాత వీపు మీదే. రెండుసార్లు లేవబోయాడు. తాత వెనక్కి తిరక్కుండానే "డ్యూటీలో ఉన్నవాణ్ణి పలకరించకు" అని కసిరాడు. నేను ముక్కాలిపీట తీసుకుపోతే నాకూ పడ్డాయి అక్షింతలు, "కాపలావాడు కూచుంటాడంట్రా, తెలివితక్కువ సన్నాసీ!" అని.

అరగంటకు ఓబులేసు తల ఒక పక్కకు వాలింది. మెల్లగా మనిషే నేల మీదికి జారాడు. నోరు తెరుచుకుంది, గురక మొదలైంది. గురక వింటే ఏడుపొస్తుందని నాకు ఆ రోజే తెలిసింది.

సరిగ్గా అప్పుడే వాడి ఫోన్ మోగింది. వాడి పక్కన నేల మీదున్నదాన్ని లాక్కుని దర్గా వెనక్కి పరిగెత్తాను.

"చెన్నమ్మా, నేనమ్మా. వాడు పడుకున్నాడు."

"పడుకున్నాడా? ఈ వేళప్పుడా?"

"గురక పెడుతున్నాడమ్మా."

"పక్కన ఎవరన్నా ఉన్నారా అన్నా?"

"మౌలాలి తాత కాపలా ఉన్నాడు."

"అయితే లేపొద్దు అన్నా, లేపొద్దు" అంది. ఫోన్ పెట్టేసింది.

తిరిగొచ్చి ఆ సంగతి తాత చెవిన వేశాను. తల ఊపాడు, అంతే. చెమటకు చొక్కా వీపుకు అతుక్కుపోయింది. అయినా కూచోలేదు.

రెండు గంటలు దాటాక ఓబులేసు ఉలిక్కిపడి లేచాడు. "బిజూ!" అని అరిచి గుమ్మం దగ్గరికి ఉరికాడు. తాత నిలబడే ఉన్నాడు. వాడు ఆ ముసలాయన భుజాలు తడిమాడు, చేతులు తడిమాడు, గడ్డం పట్టుకుని ముఖం చూశాడు.

"ఉన్నావా తాతా?"

"ఉన్నా. ముందు అప్పగింత విను" అన్నాడు తాత. కర్ర ఎత్తి చూపించాడు. "ఎదురుగా శనగ చేను. పూత మీదుంది. ఎడమపక్క వేపచెట్టు, దాని వెనకాల పోయి చూశా, ఒక మేక. కుడిపక్క రోడ్డు, రెండు బస్సులు పోయాయి. నంద్యాలలో నీ భార్య. ఫోన్ చేసింది, లేపొద్దంది."

ఓబులేసు చేను వైపు చూశాడు. చెట్టును చూశాడు. రోడ్డును చూశాడు. ఒక్కొక్కదాన్నీ చాలాసేపు చూశాడు.

తాత మోకాళ్ళు గడగడ వణుకుతున్నాయి.

"తొందరగా అనరా నాయనా, పడిపోయేట్టున్నా."

ఓబులేసు ఆయన్ను రెండు చేతులా పట్టుకున్నాడు.

"తీసుకున్నా తాతా" అన్నాడు.