దుబ్బన్న అడ్డపొగ

అనగనగా ఒక అడవిలో, ఎండలు ముదిరితే ఒక్క మడుగే మిగిలేది. కుందేలు మొదలు ఏనుగు దాకా నీళ్లకి అందరూ అక్కడికే రావాలి. పులి కూడా అక్కడికే రావాలి. చిక్కంతా అదే.

పులి వస్తోందని తెలిసేది ఒక్క వాసనతోనే. జింకమ్మ ముక్కు పైకెత్తి గాలి పీల్చి, "పులి! పరిగెత్తండి!" అనేది. అంతే, క్షణంలో మడుగు ఖాళీ.

ఆ అడవిలో దుబ్బన్న అనే ఎలుగుబంటి ఉండేవాడు. మనసు మంచిదే. అలవాటు మంచిది కాదు. చుట్ట కాల్చందే వాడికి గుక్కెడు నీళ్లు దిగేవి కావు. అడవిలో నిప్పెక్కడిదని అడక్కండి, కథ ముందుకు సాగదు! మడుగు పక్కన చేరి గుప్పుగుప్పున పొగ వదిలేవాడు. ఆ కంపులో జింకమ్మకి పులి వాసన తెలిసేది కాదు. ఆ వేసవిలోనే ఒక కణుజు, ఒక అడవిపంది అలా పులి నోట పడ్డాయి.

ఏనుగు పెద్దమ్మ అందర్నీ పిలిచి చెప్పింది. "ఇవాళ్టి నుంచి మడుగు దగ్గర ఎవరూ చుట్ట కాల్చకూడదు. మీ గుహల్లో కాల్చుకుంటారో మానుకుంటారో మీ ఇష్టం. తీతువు పిట్ట కాపలా ఉంటుంది."

దుబ్బన్న ముఖం వాడిపోయింది. నక్క ముఖం ఇంకా వాడిపోయింది. ఎందుకంటే చుట్టలు చుట్టి, తేనెపట్టులకి మార్చుకునేది నక్కే.

"ఏటి బావా, ఇప్పుడు నానేటి సెయ్యాల?" అన్నాడు దుబ్బన్న.

"బెంగెందుకు బావా?" అంది నక్క. "మడుగు దగ్గర కాల్చొద్దంది గానీ, మడుగులో కాల్చొద్దందా?"

మర్నాడు దుబ్బన్న పీకల్లోతు నీళ్లలో నిలబడి చుట్ట ముట్టించాడు. తీతువు కీచుమంది. పెద్దమ్మ తొండం నిండా నీళ్లు పీల్చి వాడి ముఖాన కొట్టింది. చుట్టా ఆరింది, దుబ్బన్నా తడిసి ముద్దయ్యాడు.

తర్వాత నక్క తోకతో ఒడ్డు మీద అడ్డంగా గీత గీసింది. "ఇటు కాల్చేవాళ్లు, అటు కాల్చనివాళ్లు. ఎవరి తావు వాళ్లది," అంది. న్యాయంగానే ఉందే అనుకున్నారందరూ. పొగ గీత దాకా వచ్చింది, దాటిపోయింది. దానికి గీతలు చదవడం రాదు కదా! అటువైపు కోతులు దగ్గలేక చచ్చాయి. పెద్దమ్మ కాలితో గీత చెరిపేసింది.

అయినా నక్క ఊరుకుందా? "మన మామ్మలెలా కాల్చీవోరు బావా? అడ్డపొగ! నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని మూతి బిగించు. నిప్పెవడికీ కనిపించదు."

దుబ్బన్న అలాగే చేశాడు. మొదట కాస్త చురుక్కుమంది గానీ అలవాటైపోయింది. చుట్ట చివర మాత్రం పెదాల మధ్య నుంచి కనిపించేది. తీతువు వచ్చి చూసింది.

"నోట్లో ఏమిటి అన్నా? పందుంపుల్లా?"

"ఊఁ," అన్నాడు దుబ్బన్న.

"ఇంతసేపు తోముతావేం?"

"ఊఁ."

పళ్లంటే ఎంత శ్రద్ధో అని మెచ్చుకుని పిట్ట వెళ్లిపోయింది. ముక్కులోంచి సన్నగా కారే పొగ ఎవరి కంటా పడలేదు. కానీ కంపు నీళ్ల మీద పరుచుకుంటూనే ఉంది.

ఒకరోజు జింకపిల్ల వాడి పక్కనే నీళ్లు తాగుతోంది. ఎదురుగా తుంగలో ఏదో కదిలింది. దుబ్బన్న చూశాడు. పులి!

అరవాలి. అరిస్తే నోట్లోంచి నిప్పు కిందపడుతుంది. పెద్దమ్మ అక్కడే ఉంది. అందరి ముందూ పరువు పోతుంది. ఎలా, ఎలా అనుకునేలోపు పులి దూకేసింది.

"పులి!" అని దుబ్బన్న అప్పుడు అరిచాడు. నిప్పు నాలుక మీద పడింది. ఆ మంటకి లబోదిబోమంటూ, గెంతుతూ పోయి పులి మీదే పడ్డాడు. ముక్కులోంచి పొగలొస్తున్న ఎలుగుని పులి ఏనాడూ చూడలేదు. దడుచుకుని పారిపోయింది. జింకపిల్ల బతికింది గానీ వెనక కాలు చీరుకుపోయింది.

"దుబ్బన్న మొనగాడు!" అని కోతులు గంతులేశాయి. "నోరు మూసుకో," అని నక్క దుబ్బన్నకి సైగ చేసింది.

జింకమ్మ మాత్రం బిడ్డ కాలు నాకుతూ ఏడ్చింది. "నా ముక్కుకేం రోగం వచ్చింది? ఇంత దగ్గరికొచ్చినా పులి వాసన తెలీలేదేం? తప్పంతా నాదే."

దుబ్బన్న ఆ మాట భరించలేకపోయాడు. నోరు బార్లా తెరిచి, బొబ్బలెక్కిన నాలుక చూపించాడు. "నీ ముక్కుకేం కాలేదమ్మా. నానే..." అని ఏడ్చాడు. ముందే చూసి అరవలేదని కూడా చెప్పాడు.

జింకమ్మ తలెత్తి వాడి వంక చూసింది. "నిప్పు నువ్వు దాచుకున్నావన్నా. పొగ నా బిడ్డకి పెట్టావు," అంది.

నక్క ఎప్పుడు జారుకుందో ఎవరూ చూడలేదు.

ఆ రోజే దుబ్బన్న చుట్టలన్నీ మడుగులో నానబెట్టబోయాడు. "నీళ్లు పాడుచేయకు, గోతిలో పూడ్చు," అని పెద్దమ్మ కసిరింది. పూడ్చాడు. తీతువుకి తోడుగా తనే కాపలాకి నిలబడ్డాడు. వచ్చినవాళ్లందర్నీ "ఆ అను" అని నోరు తెరిపించి చూసేవాడు. మొసలి వంతు వచ్చినప్పుడు మాత్రం చాలా దూరం నుంచి చూసేవాడు. జింకపిల్ల కుంటుకుంటూ వస్తే దాన్ని ఏమీ అడిగేవాడు కాదు. తనే వంగి, నోరు తెరిచి చూపించి, దారి వదిలేవాడు.

నీతి: కట్టుబాటు కళ్లు కప్పడం తెలివి కాదు, మన పొగకి దెబ్బతినేది మన పక్కనున్నవాళ్లే.