కలబందకు దాహం పోయిన కథ

ఒకప్పుడు కలబంద ఆకులు తోటకూర ఆకుల్లా పల్చగా ఉండేవి. అంచులకు ముళ్ళు లేవు. తుంచితే వచ్చే రసం చెరుకు రసమంత తియ్యగా ఉండేది. ఇక దాహమంటారా, మొక్కలన్నిటిలోకీ దానిదే పెద్ద దాహం. పొద్దున చెంబెడు, మధ్యాహ్నం చెంబెడు, సాయంత్రం చెంబెడు నీళ్ళు పోయాలి. ఒక్క పూట తప్పితే ఆకులు వేలాడేసి, "అవ్వా, చచ్చిపోతున్నా" అని ఏడ్చేది.

ఆ అవ్వ పేరు ఓబులమ్మ. రాళ్ళు ఎక్కువ, వానలు తక్కువ ఉండే సీమలో, గుండ్లమిట్ట అనే ఊళ్ళో ఉండేది. నా అన్నవాళ్ళు లేరు. మొక్కలు పెంచి అమ్మడం ఆమె పని.

ఇప్పుడంటే మొక్కలు పెట్టడానికి నల్లటి ప్లాస్టిక్ సంచులు వచ్చాయి, రంగు రంగుల కుండీలు వచ్చాయి. అప్పుడు పగిలిన కుండలే. పైభాగం పోయినా అడుగు నిలిచి ఉంటే చాలు, అందులో మొక్క భేషుగ్గా పెరుగుతుంది. ఊళ్ళో ఎవరింట్లో కుండ పగిలినా ఓబులమ్మకే కబురు. అత్తాకోడళ్ళు పోట్లాడుకున్న మర్నాడు ఆమెకు కుండలు ఎక్కువ దొరికేవట. ఆ గొడవ మనకెందుకు, కథలోకి వద్దాం.

చెట్టూ చేమా, ఎండా గాలీ మాట్లాడుకొనే రోజులు అవి. ఆ మాటలు అందరికీ వినిపించేవి కావు. మొక్కను చేతులతో పెంచినవాళ్ళకే దాని మాట వినిపించేది.

"ఏమే, నీది కడుపా, చెరువా?" అని కనకాంబరం కలబందను వేళాకోళం చేసేది.

"అది తాగిన నీళ్ళకు ఈపాటికి ఒక మడి వరి పండేది" అని మరువం అందుకొనేది.

"మీకు పూలున్నాయి, వాసన ఉంది. నాకేమీ లేదు. నీళ్ళు కూడా తాగొద్దా?" అని కలబంద మూతి ముడుచుకొనేది.

ఓబులమ్మ నవ్వేది. "పోనీండే. పదిమంది పిల్లలున్న ఇంట్లో ఒక తిండిపోతు ఉండదా?" అని దానికే ఇంకో దోసెడు పోసేది.

పొద్దున్నే ఆమె తలమీద చుట్టకుదురు పెట్టుకొని, దానిపైన మొక్కల గంప పెట్టుకొని ఊళ్ళు తిరిగేది. జొన్నలున్నవాళ్ళు జొన్నలిచ్చేవారు, మిరపకాయలున్నవాళ్ళు మిరపకాయలిచ్చేవారు. అయితే ఆమెకొక పద్ధతి ఉంది. మొక్కను ఊరికే చేతిలో పెట్టి వచ్చేది కాదు. ఆడపిల్లను అత్తవారికి అప్పగించినట్లు అప్పగించేది. దానికి ఎన్ని నీళ్ళు కావాలో, ఎంత ఎండ ఓర్చుకుంటుందో ఉన్నది ఉన్నట్లు చెప్పేది. తర్వాత, తీసుకున్నవాళ్ళ చేత మొదటి చెంబు నీళ్ళు తన ఎదుటే పోయించేది. ఆ నీళ్ళు మట్టిలోకి ఇంకేదాకా నిలబడి చూసి, అప్పుడు గంప ఎత్తుకొనేది.

"అవ్వా, కాస్త తక్కువ నీళ్ళు చాలని చెప్పరాదా? ఇంకా ఎక్కువమంది కొంటారు కదా" అని ఒకసారి తులసి అడిగింది.

"అబద్ధమాడితే నాకేం కష్టం? నాకు జొన్నలొస్తాయి. ఆ ఇంట్లో ఎండిపోయేది మీరు గదమ్మా" అంది ఓబులమ్మ.

అందుకే కలబందను ఎవరూ కొనలేదు. "రోజుకు మూడు చెంబులా! మా ఆయన కూడా అన్ని తాగడు తల్లీ" అని ఆడవాళ్ళు నవ్వి పంపించేసేవారు. గంపలో వెళ్ళిన కలబంద గంపలోనే తిరిగి వచ్చేది. దానికి లోపల సంతోషమే. అవ్వ దగ్గరే ఉండొచ్చు కదా.

ఇలా ఉండగా కరువు వచ్చింది.

మొదటి ఏడు మబ్బులు వచ్చి, చూసి, వెళ్ళిపోయాయి. రెండో ఏడు రావడమే మానేశాయి. మూడో ఏటికి బావిలో చేద వేస్తే బురద కూడా రాలేదు. ఏటి ఇసకలో చెలమ తవ్వి, ఊరిన నీళ్ళను ముంతతో తోడి, ఇంట్లో మనిషికి రెండు చెంబుల లెక్కన పంచుకొనేవారు. ఓబులమ్మ ఒక్కతే కాబట్టి రెండు చెంబులు.

ముందు బంతి పోయింది. తర్వాత మరువం, కనకాంబరం. తులసి చాలా రోజులు ఓర్చుకుంది, చివరికి అదీ పోయింది. ఎండిన ఒక్కొక్క మొక్కనూ ఓబులమ్మ పెరట్లోనే గుంట తీసి పూడ్చింది. చివరికి మిగిలింది అన్నిటికన్నా దాహం ఎక్కువైన కలబంద ఒక్కటే. అది ఎలా మిగిలిందో దానికి తెలియలేదు. రోజూ నీళ్ళు వస్తున్నాయి, తాగుతోంది, అంతే.

ఒక మధ్యాహ్నం పెరటి గోడ మీద ఎండా గాలీ మాట్లాడుకుంటున్నాయి.

"ఆ ముసలామెకు పిచ్చి పట్టినట్టుందే. తన రెండు చెంబుల్లో ఒకటిన్నర ఆ మొక్కకే పోస్తోంది. మిగిలిన అరచెంబు కూడా మొన్నటినుంచి అందులోనే పోస్తోంది" అంది గాలి.

"నేను చూస్తూనే ఉన్నా. ఇంకో వారమైతే ఇద్దరిలో ఒకరే ఉంటారు" అంది ఎండ.

కలబంద ఆ మాటలన్నీ విన్నది. ఆ సాయంత్రం ఓబులమ్మ చెంబు తెస్తే ఆకులు ముడుచుకొంది. "నాకొద్దవ్వా. నువ్వు తాగు."

"నీకెందుకు నా సంగతి, మూసుకొని తాగు."

"నీ పెదాలు పగిలి ఉన్నాయి. తాగలేదు నువ్వు."

ఓబులమ్మ చెంబు కుండలోకి వంచింది. తర్వాత, "నాకింకెవరున్నారే, నువ్వు తప్ప" అంది. ఇక్కడ ఉంటే తను పోయిన మర్నాడే ఇదీ పోతుందని ఆమెకు తెలుసు. కొత్తకోట అనే ఊళ్ళో తనకు తెలిసిన సుంకమ్మ ఇంటి బావిలో మాత్రం ఇంకా నీళ్ళున్నాయని విన్నది. మర్నాడు తెల్లవారగానే కలబందను గంపలో పెట్టుకొని బయల్దేరింది. పూటంతా నడవాలి. కాళ్ళకు చెప్పులు లేవు. ఆ రోజుల్లో సీమలో చాలామందికి ఉండేవి కావు. మోదుగాకులు కాళ్ళకు కట్టుకొని నడిచేవారు. ఆమె అలాగే నడిచింది.

సుంకమ్మ ఎనుములకు, అంటే గేదెలకు, మేత వేసి వచ్చి, గడపలో కూర్చొని మేకపిల్లకు గంజి తాగిస్తోంది.

"ఏం ఓబులవ్వా, ఈ ఎండలో ఇంత దూరం వస్తివే! ఆ గంపలో ఏముంది?"

"ఒక మొక్క ఉంది సుంకమ్మా. నీకిచ్చిపోదామని."

"మొక్కా! మా బాయిలో నీళ్ళు మోకాలి లోతుకొచ్చినాయి. ఎనుములకే చాలక చస్తాండాం. దీనికెన్ని నీళ్ళు కావల్ల?"

ఓబులమ్మ గంప కిందికి దించింది. మూడు చెంబులంటే సుంకమ్మ తీసుకోదు. రెండన్నా తీసుకోదు. ఒకటన్నా తీసుకోదు. ఓబులమ్మ జీవితంలో మొదటిసారి అబద్ధం చెప్పింది.

"దీనికి నీళ్ళక్కర్లేదు తల్లీ. గుమ్మానికి వేలాడదీసినా బతుకుతుంది."

"నిజంగానా? వేలాడదీసినా?" అని సుంకమ్మ పకపకా నవ్వింది. "అట్లయితే మంచిదేలే. కింద పెడితే ఈ మేకలు ఉంచవు." మాట అన్నంత సేపు పట్టలేదు, కలబందను కుండలోంచి పెరికి, వేళ్ళకు తాడు కట్టి, తల కిందులుగా గుమ్మానికి వేలాడదీసింది.

"అవ్వా!" అని కలబంద కేక పెట్టింది. సుంకమ్మకు వినిపించలేదు. ఓబులమ్మకు వినిపించింది. ఆమె ద్వారబంధాన్ని గట్టిగా పట్టుకొంది. మొదటి చెంబు నీళ్ళు పోయించాల్సిన సమయం అది. నీళ్ళక్కర్లేదని చెప్పిన నోటితో ఆ మాట ఎలా అడుగుతుంది?

సుంకమ్మ లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చింది. "తాగవ్వా, గొంతు ఎండిపోయి ఉంటాది."

ఓబులమ్మ చెంబు తీసుకొంది. దోసిట్లో కొంచెం కొంచెం పోసుకొని కలబంద ఆకులు ఒక్కొక్కటీ తుడిచింది. వేళ్ళను తడిపింది. చెంబు ఖాళీ అయింది.

"అయ్యో, తాగమంటే మొక్కకు నీళ్ళు పోసుకుంటాండావే!"

"దారంతా దుమ్ము తల్లీ. దుమ్ము ముఖంతో బిడ్డను ఇంకొకరి ఇంట్లో దింపకూడదు."

"ఇంకో చెంబు తెచ్చేదా?"

ఇంకో చెంబు తీసుకుంటే ఈ ఇంట్లో నీళ్ళు తక్కువని సుంకమ్మకు గుర్తొస్తుందేమో, మొక్కను తీసుకుపొమ్మంటుందేమో అని ఓబులమ్మ భయపడింది. "వద్దులే, పొద్దుపోకముందే ఊరు చేరాలి" అంది.

వెళ్ళేముందు ఆకుల దగ్గర నోరు పెట్టి మెల్లగా చెప్పింది. "ఇన్నేండ్లలో ఒక్క అబద్ధం ఆడినా. దాన్ని నిజం చెయ్యి నాయనా. బతికుండు. వాన పడిన రోజు వచ్చి తీసుకుపోతా."

ఆమె వెళ్ళిపోయింది. తల కిందులుగా ఉన్న కలబందకు దారి కూడా తల కిందులుగా కనబడింది. అవ్వ ఆ దారి మలుపు తిరిగేదాకా చూసింది.

మర్నాడు ఎండ వచ్చింది. "ఏం తిండిపోతూ, ఇవాళ మూడు చెంబులు ఎవరు పోస్తారు?" అని ఎగతాళి చేసింది.

కలబంద ఏడవలేదు. ఏడిస్తే ఉన్న తడి పోతుంది. దానికి ఒకటే ఆలోచన. అవ్వ తాగకుండా వెళ్ళింది. తిరిగి వచ్చేటప్పుడు దాహంతో వస్తుంది. అప్పుడు ఆమెకు ఇవ్వడానికి నీళ్ళు కావాలి.

అది పగలు నోరు మూసుకోవడం నేర్చుకొంది. నేను కాలేజీలో చదివేటప్పుడు మా వృక్షశాస్త్రం మాస్టారు ఆకుల మీద కంటికి కనబడనంత చిన్న నోళ్ళుంటాయని చెప్పారు. మామూలు మొక్కలు వాటిని పగలు తెరుస్తాయి. కలబంద లాంటివి పగలు మూసి, చీకటి పడ్డాక తెరుస్తాయి. ఎందుకని అడిగితే ఆయన ఒక పొడుగాటి ఇంగ్లీషు మాట చెప్పారు. అది నాకిప్పుడు గుర్తులేదు. నాకు గుర్తున్నది ఈ కథే.

ఎప్పుడైనా తెల్లవారుజామున రెండు మంచు బొట్లు పడేవి. కలబంద వాటిని లోపల దాచేది. తను మాత్రం తాగేది కాదు. దాచగా దాచగా ఆకులు లావెక్కాయి. మేక వచ్చి కాళ్ళెత్తి ఆకు అందుకోబోయింది.

"ఇది మా అవ్వకు!" అని కలబంద అంచుల వెంట ముళ్ళు మొలిపించుకొంది. మేక ముట్టె గోక్కుంటూ పోయింది.

సుంకమ్మ ఆశ్చర్యపోయింది. "ఓబులవ్వ చెప్పింది నిజమేనే!" అని వచ్చినవాళ్ళందరికీ చూపించేది. వెళ్తూ వస్తూ ఆకుల మీద దుమ్ము తుడిచేది.

నాలుగు నెలలకు మబ్బులు వచ్చాయి. చినుకు పడింది, చినుకు వాన అయింది. జనం వీధిలోకి వచ్చి తడిశారు. ఎనుములు అరిచాయి. కలబంద దారి చూసింది. ఆ రోజు అవ్వ రాలేదు. మర్నాడూ రాలేదు. మూడో రోజు గాలి వచ్చి గుమ్మం దగ్గర ఊరికే నిలబడింది.

"మా అవ్వను చూశావా?" అంది కలబంద.

గాలి పక్కకు తిరిగింది.

"చెప్పవే. దారిలో ఉందా?"

"దారిలోనే ఉంది. నిన్ను ఇక్కడ దింపిన రోజే, సగం దారిలో తుమ్మచెట్టు కింద పడుకొంది. మళ్ళీ లేవలేదు. ఆ దారినపోయే గొర్రెలకాపరులు చూసి అక్కడే మట్టి చేశారు" అంది గాలి.

"నాలుగు నెలలు నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు బతికేదానివా?"

కలబంద గట్టిగా ఏడ్చింది. అన్ని నెలలు దాన్ని తుడిచి, కనిపెట్టుకొని ఉన్న సుంకమ్మకు ఆ ఏడుపు వినిపించింది. ఆమె చేతిలో పని వదిలి బయటికి వచ్చింది. కలబంద జరిగినదంతా చెప్పింది.

సుంకమ్మ గడపలో కూలబడింది. "ఒక్క మాట చెప్పుంటే పొయ్యనా నేను? ఎనుముకు తగ్గించైనా చెంబెడు పోసుండనా? ఇంకో చెంబు తాగమంటి గదా ఓబులవ్వా!" అని కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది.

తర్వాత లేచి తాడు విప్పింది. కలబందను కొత్త కుండలో, తడిసిన మంచి మట్టిలో నాటింది. పెద్ద చెంబు నిండా నీళ్ళు తెచ్చింది. "తాగు తల్లీ. ఆ రోజు పొయ్యాల్సిన నీళ్ళు ఇవి" అని పోసింది.

కలబంద ఒక్క గుక్క కూడా తాగలేదు. దాని లోపల అవ్వ కోసం దాచిన నీళ్ళు అలాగే ఉన్నాయి. వాటిని ఎవరికివ్వాలో దానికి తెలియలేదు. ఆ దుఃఖానికి తియ్యటి రసం చేదైపోయింది.

ఆ మొక్కకు పిలకలు వచ్చాయి. సుంకమ్మ వాటిని ఊరూరా తీసుకెళ్ళి ఇచ్చింది. ఎవరేమడిగినా ఒకటే చెప్పేది: "దీనికి నీళ్ళక్కర్లేదు. గుమ్మానికి వేలాడదీసినా బతుకుతుంది." ఇప్పుడది అబద్ధం కాదు.

అప్పటినుంచే కలబంద ఆకులు లావుగా, నిండా నీళ్ళతో ఉంటున్నాయి. అప్పటినుంచే దానికి ముళ్ళు, ఆ పచ్చటి చేదు రసం. గుమ్మానికి తల కిందులుగా కట్టినా నెలల తరబడి బతుకుతుంది. ఎవరైనా జాలిపడి రోజూ మూడు చెంబుల నీళ్ళు పోస్తే మాత్రం బతకదు. వేళ్ళు కుళ్ళి చచ్చిపోతుంది.