మొదటి ముద్ద

కోట గుమ్మం పక్కనున్న పూటకూళ్ల ఇంట్లో మాంసం లేని వంట అరుదు. బుట్టలల్లే సింగప్ప మాత్రం అక్కడే ఓ మూల కూర్చుని, ఉత్త గోంగూర పచ్చడి కలుపుకొని తింటాడు. మాంసమే కాదు, పాలూ నెయ్యీ కూడా ముట్టడు.

ఆ మధ్యాహ్నం కోట సేనను నడిపే దళవాయి గండమనాయుడు బావమరిదితో వచ్చి కూర్చున్నాడు. పాత దళవాయి విషం కలిసిన అన్నం తిని పోయాడు. అందుకే ఈయన తినేముందు ఎవరో ఒకరు రుచి చూడాల్సిందే. ఇవాళ ఆయన వేలు సింగప్ప వైపు తిరిగింది.

"ఒరేయ్, ఈ వేటకూర ఓ ముద్ద తిను."

సింగప్ప చేతులు జోడించాడు. "మాంసం మానేసి ఇరవై ఏళ్లయింది దొరా."

"విషమని తెలిసే వద్దంటున్నావా? తల తీయిస్తా!"

చుట్టూ అందరూ నమలడం ఆపేశారు.

"తింటాను దొరా. కానీ అలవాటు తప్పిన కడుపు. తిన్న వెంటనే వాంతి చేసుకుని కిందపడి పొర్లుతాను. అది విషం వల్లో, మాంసం వల్లో తమకెలా తెలుస్తుంది? రోజూ ఈ కూర తిని అరిగించుకునేవారు తింటే కదా, తేడా తెలిసేది!"

దళవాయికి నిజమే అనిపించింది. రోజూ తనతో ఇదే కూర తినే బావమరిది ముందుకు గిన్నె జరిపాడు.

"బసవా, నువ్వు తిను."

బసవనాయుడి నుదుట చెమట పట్టింది. "నా... నాకివాళ ఉపవాసం, బావా."

అతని విస్తరిలో సగం కొరికిన కోడికాలు ఉంది. దళవాయి దానివంక చూశాడు. ఆయన చెయ్యి మెల్లగా కత్తి మీదికి పోయింది.